అర్ధరాత్రి దాటిపోయిన స్టేషను

మన డైరెక్టర్లకి పల్లెటూరంటే లెక్క చాలా తేలిక. ఒక రచ్చబండ, దాని మీద పంచాయితీ. ఒక చెరువు గట్టు, దాని మీద బిందెతో హీరోయిను. వెనకాల రెండు కొబ్బరి చెట్లు, ముందు ఒక ఎద్దుబండి. అంతే, ఊరు రెడీ! పోతే పట్నం అంటారా, అది ఇంకా తేలిక. మెలికలు తిరిగిన మేడమెట్లు, హాల్లో ఎర్ర టెలిఫోను, పైనుంచి సిగరెట్టు కాలుస్తూ దిగే విలను. 1950లో 'పల్లెటూరి పిల్ల' వచ్చిన నాటి నుంచి, 1982లో 'పట్నం వచ్చిన పతివ్రతలు' దాకా, ఆ తరవాత నిన్నా మొన్నటి దాకా కూడా మనం చూస్తున్న ఊరూ, పట్నమూ దాదాపు ఇవే. ఊరు మంచిది, పట్నం చెడ్డది. హీరో పట్నం వెళ్ళి పాడైపోయి, క్లైమాక్సులో ఊరొచ్చి బాగుపడతాడు. మనం చప్పట్లు కొట్టి, హాలు బయటికొచ్చి, పట్నంలో ఉన్న మన గదికి సిటీ బస్సు ఎక్కి వెళ్ళిపోతాం!

నేనూ అంతే లెండి. ఊరు వదిలి పన్నెండేళ్ళయింది. హైదరాబాదులో ఒక గది, ఒక టేబులు ఫాను, నెలకి నాలుగు పత్రికలకి నాలుగు వ్యాసాలు. ఊళ్ళో అమ్మ. "వచ్చే నెల వస్తానమ్మా" అనే డైలాగు నేను చెప్పినన్ని సార్లు ఏ హీరో కూడా చెప్పి ఉండడు.

అసలు సంగతి ఏమిటంటే, మొన్న దసరాకి ముందు నేను బెంగాలు వెళ్ళొచ్చాను. ఎవరూ పంపలేదు. సొంత డబ్బు. తెలుగువాడు చూడకుండానే ప్రేమించిన దేశం ఏదైనా ఉంటే అది బెంగాలే. చక్రపాణిగారు బెంగాలీ నేర్చుకుని శరత్ నవలలని తెనిగిస్తే, శరత్ బాబు మన తెనాలివాడో గుంటూరువాడో అనుకున్నారట మనవాళ్ళు. 'దేవదాసు' (1953), 'తోడికోడళ్ళు' (1957), 'బాటసారి' (1961) శరత్ కథలే. 'మిస్సమ్మ' (1955) మూలం కూడా ఒక బెంగాలీ నాటకమే. ఇన్ని సినిమాలు చూసి, ఇన్ని కన్నీళ్ళు కార్చి, ఆ ఊళ్ళెలా ఉంటాయో చూడకపోతే ఎలా అనిపించింది. సికింద్రాబాదులో ఫలక్‌నుమా ఎక్కేశాను.

ఎక్కేముందు అమ్మకి ఫోన్ చేశాను.

"కలకత్తానా? మన రాజమండ్రి మీదుగానే కదరా అబ్బాయ్ వెళ్ళేది?" అంది.

"అవునమ్మా. కానీ అర్ధరాత్రి అవుతుంది."

"సరేలే నాన్నా, జాగ్రత్త. గోదారి వచ్చినప్పుడు ఒక రూపాయి వెయ్యి" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

నిజం చెప్పొద్దూ, ఆ రూపాయి కూడా నేను వెయ్యలేదు. ఏ.సి. పెట్టెలో కిటికీలు తెరుచుకోవు. వంతెన మీద రైలు మోత మారడం నిద్రలోనే విన్నాను. దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. మా ఊరు వెనక్కి పోయింది.

తెల్లారేసరికి ఒరిస్సా. మధ్యాహ్నానికి ఖరగ్‌పూర్. 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం! ఒకప్పుడు ప్రపంచంలో దీన్ని మించింది లేదు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో మన పక్క కన్నడ దేశంలోని హుబ్బళ్ళి ఆ కిరీటాన్ని లాగేసుకున్నాయి. అయితే ఖరగ్‌పూర్‌కి ఇంకో ఘనత ఉంది. రైల్వే కొలువుల కోసం ఎప్పుడో తరలివచ్చిన తెలుగువాళ్ళు అక్కడ తరాలుగా ఉంటున్నారు. ప్లాట్‌ఫారం మీద ఒక పెద్దాయన మనవణ్ణి "ఒరేయ్, పరిగెట్టకు" అని కేకేస్తుంటే, నేను టీ తాగుతున్న మట్టి గ్లాసు చేతిలోంచి జారినంత పనయింది.

ఖరగ్‌పూర్ దాటాక చూడాలి అసలు అందం. కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది. నది దాటితే దేవుల్టీ అనే చిన్న స్టేషను. అక్కడికి దగ్గర్లోనే, సామ్తాబేడ్ అనే ఊళ్ళో, శరత్ బాబు తన చివరి సంవత్సరాల్లో ఎక్కువకాలం ఉన్న ఇల్లు ఉంది. మన ఎక్స్‌ప్రెస్సుకి ఈ సంగతితో పని లేదు. కన్ను మూసి తెరిచేలోగా దాటేసింది. నాకు కనిపించిందల్లా బంతితోటలు. పట్టాలకి అటూ ఇటూ పసుపూ, నారింజా పరిచినట్టున్నాయి. ఆ మధ్యలో నడుం వంచి పూలు కోస్తున్న ఆడవాళ్ళు ఒక్కరు కూడా తలెత్తి రైలుని చూడలేదు. సినిమాలో అయితే చెయ్యి ఊపేవాళ్ళు!

ఆ పూలు ఎక్కడికి పోతాయో మర్నాడు తెల్లవారుజామున తెలిసింది. హౌరా వంతెన కింద, కలకత్తా వైపు ఒడ్డున, మల్లిక్ ఘాట్ పూలబజారు. మీరు వంతెన చాలా సినిమాల్లో చూసే ఉంటారు. 1943లో జనానికి తెరిచారు దాన్ని. నట్లూ బోల్టులూ లేకుండా రివిట్లతో బిగించిన ఉక్కు. దాని కింద మట్టిలో, బురదలో, తొక్కిసలాటలో పూలు. మనిషి నడుమంత లావు బంతి దండల చుట్టలు. కోలాఘాట్, దేవుల్టీ, పాన్సకుడా వైపు నుంచి తెల్లవారకముందే లోకల్ రైళ్ళలో మోసుకొస్తారు. నేను ఏ.సి. పెట్టెలో కూర్చుని అందం చూసిన తోటలు, రాత్రికి రాత్రి మనుషుల నెత్తిమీద ఎక్కి నాకంటే వెనకాలే వచ్చేశాయన్నమాట!

బుట్ట దించుకుంటున్న ఒక ముసలాయన్ని వచ్చీరాని హిందీలో అడిగాను, "దాదా, కలకత్తా ఎలా ఉంటుంది?" అని. ఆయన అయోమయంగా చూశాడు. తరవాత నవ్వాడు. ముప్ఫై ఏళ్ళుగా రోజూ వస్తున్నాడు. ఈ ఘాటు, ఆ స్టేషను, మధ్యలో వంతెన. అంతే. కలకత్తా ఎలా ఉంటుందో ఆయన చూడనే లేదు.

నేను చూశాను. రెండ్రోజులు కాళ్ళు అరిగేలా తిరిగాను. 1984లో దేశంలోనే మొదటి మెట్రో రైలు నడిచింది ఈ ఊళ్ళోనే. 2024 మార్చి నుంచి హుగ్లీ నది అడుగున సొరంగంలో కూడా మెట్రో పోతోంది. నది కింద నుంచి దూసుకెళ్ళి, మెట్లెక్కి పైకొస్తే, ఇంకొంత దూరంలో ఒక సందు మొగలో మనిషి లాగే రిక్షా! గంట గణగణలాడిస్తూ ఒక బక్కపలచని మనిషి ఇద్దరు లావుపాటి మనుషుల్ని లాక్కుపోతున్నాడు.

బిమల్ రాయ్ 'దో బీఘా జమీన్' (1953) చూశారా మీరు? చూడకపోతే ఈ ఆదివారం చూడండి. రెండు బీఘాల పొలం జమీందారు అప్పుకింద పోకుండా కాపాడుకోవాలని ఒక రైతు కలకత్తా వచ్చి రిక్షా లాగుతాడు. బలరాజ్ సహానీ ఆ వేషం కోసం కలకత్తా వీధుల్లో నిజంగానే రిక్షా లాగాడు. చివరికి ఏమవుతుంది? పొలం పోతుంది. అక్కడ మిల్లు లేస్తుంది. తన నేల మీద మట్టి పిడికెడు తీసుకోబోతే కాపలావాడు అదీ వదిలించేస్తాడు. మన సినిమా లెక్కలో పట్నం వెళ్ళినవాడు పాడైపోతాడు. ఈ సినిమాలో పట్నం వెళ్ళినవాడు పాడవడు. వాడు తిరిగి వచ్చేసరికి ఊరే ఉండదు. ఆ రెండింటికీ ఎంత తేడా!

సరే, సినిమా పత్రికకి రాసేవాణ్ణి కదా, టాలీగంజ్ వెళ్ళకుండా ఎలా ఉంటాను? మన తెలుగు సినిమాని 'టాలీవుడ్' అని మురిసిపోతూ పిలుచుకుంటున్నాం చూడండి, ఆ పేరు మొదట మనది కాదు. 1932లో విల్‌ఫర్డ్ డెమింగ్ అనే అమెరికన్ ఇంజనీరు, టాలీగంజ్‌లోని స్టూడియోల గురించి తన దేశంలోని పత్రికకి రాస్తూ వాడిన ముద్దుపేరది. హాలీవుడ్‌కి టాలీగంజ్ ప్రాస కుదిరింది. అలాగని మనకి అసలు హక్కు లేదనకండి. సి. పుల్లయ్యగారు 'సావిత్రి' (1933), 'లవకుశ' (1934) తీసింది ఈ కలకత్తాలోనే, ఈస్టిండియా ఫిలిం కంపెనీ కోసం. ఆ 'లవకుశ'ని చూడ్డానికి మన పల్లెల జనం బళ్ళు కట్టుకుని పట్నాలకి తరలివచ్చారని పెద్దలు చెబుతారు. పరాయి దేశపు పట్నంలో తీసిన బొమ్మ మన పల్లెని కదిలించింది! ఎక్కడ పట్నం, ఎక్కడ పల్లె, ఎవరికి ఎవరు దూరం?

టాలీగంజ్‌కి దక్షిణంగా పోతే బోరాల్. సత్యజిత్ రే 'పథేర్ పాంచాలి' (1955) కోసం వాడుకున్న ఊరు. రే అప్పుడు అడ్వర్టైజింగ్ కంపెనీలో ఉద్యోగి. చేతిలో డబ్బు ఆడినప్పుడు తీయడం, ఆడనప్పుడు ఆపడం. కలకత్తాకి అంత దగ్గర్లో అంత అచ్చమైన పల్లె దొరకడం ఆయన అదృష్టం. నేను ఆ అదృష్టాన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. వెదురుపొదలూ, తామర చెరువూ, ఇందిర్ ముసలమ్మ కూర్చున్న అరుగూ...

ఏమీ లేవండీ! అపార్టుమెంట్లున్నాయి. సెల్‌ఫోన్ రీచార్జి కొట్టు ఉంది. కోచింగ్ సెంటర్ బోర్డు ఉంది. పట్నం పెరుగుతూ పెరుగుతూ వచ్చి బోరాల్‌ని ఒడిలో వేసేసుకుంది. అపూ, దుర్గ పరుగెత్తిన ఊళ్ళో ఇప్పుడు పిల్లలు స్కూల్ వ్యాను కోసం నిలబడి ఉన్నారు. నాకు కాస్త కోపం వచ్చిన మాట నిజం. కొంచెం ఆగి, నా మీద నాకే నవ్వొచ్చింది. నేను అపార్టుమెంటులో గది తీసుకోవచ్చు, బోరాల్ వాళ్ళు మాత్రం నా కోసం డెబ్భై ఏళ్ళుగా పూరిపాకల్లో ఉండాలా? ఏం న్యాయం?

శనివారం సాయంత్రం హౌరాలో బర్ద్వాన్ లోకల్ ఎక్కాను. మెయిన్ లైను. 1854 ఆగస్టు 15న తూర్పు దేశంలో మొట్టమొదటి ప్రయాణికుల రైలు హౌరా నుంచి హుగ్లీ దాకా నడిచింది ఈ దారిలోనే. ఈ లైను సినిమా పిచ్చివాళ్ళకి యాత్రాస్థలం సుమండీ! బండేల్ దగ్గర దేవానందపూర్, శరత్ పుట్టిన ఊరు. ఆ పైన పాండువా, కథలో దేవదాసు ఆఖరిసారి రైలు దిగిన స్టేషను. ఇంకా పైకి పోతే పాల్సిట్, అపూ, దుర్గ మొదటిసారి రైలు చూసిన చోటు. మూడూ ఒక్క టిక్కెట్టు మీద!

ఆ లోకల్ గురించి చెప్పాలి. పొద్దున్నే ఊళ్ళ నుంచి పట్నానికి కూరగాయలు, విరిగిన పాలముద్దలు, మనుషులు. సాయంత్రం పట్నం నుంచి ఊళ్ళకి ఖాళీ బుట్టలు, ఖాళీ క్యాన్లు, ఖాళీ అయిన మనుషులు. కాలు పెట్టే చోటు లేదు. అంత రద్దీలోనూ ఆవనూనె కలిపిన మరమరాలు అమ్మేవాడు, దువ్వెనలమ్మేవాడు, పాటలు పాడే గుడ్డివాడు, ముగ్గురూ దారి చేసుకు పోతూనే ఉన్నారు. నలుగురు పెద్దమనుషులు ఒళ్ళో బ్రీఫ్‌కేసు పరిచి పేకాట మొదలెట్టారు. ఇది వాళ్ళ రోజువారీ క్లబ్బు.

నా పక్కన నిలబడ్డ కుర్రాడికి ఇరవై నాలుగూ, పాతికేళ్ళుంటాయి. కలకత్తాలో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాస్తాడు. నేను ఏ ఊరువాణ్ణని అడిగాడు. హైదరాబాద్ అన్నాను. కళ్ళు ఇంతింత చేసుకుని "అల్లు అర్జున్!" అన్నాడు. గడ్డం కింద చెయ్యి పోనిచ్చి, భుజం ఎగరేసి చూపించాడు. 'పుష్ప'ని హిందీలో నాలుగుసార్లు చూశాట్ట. నేను శరత్, రే, బిమల్ రాయ్ అంటుంటే వాడు ప్రభాస్, అల్లు అర్జున్ అంటున్నాడు. ఎవరి పొరుగింటి పుల్లకూర వాళ్ళకి రుచి!

వాడిది పాండువా పక్క పల్లె. రోజూ పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు.

"కలకత్తాలో గది తీసుకోవచ్చుగా?" అన్నాను.

"జీతంలో సగం గదికే పోతుంది దాదా."

"జీతం పెరిగితే?"

వాడు కాసేపు మాట్లాడలేదు. "పెరిగితే తీసుకుంటా. మా ఊరి అందం మీలాంటి వాళ్ళకి, బురద మాకు" అన్నాడు. "కానీ అమ్మ ఉంది కదా. నేనెక్కిన లోకల్ వచ్చే దాకా అన్నం తినదు."

రేపు ఆదివారం, ఇంటికి రమ్మన్నాడు. నేను బండేల్‌లో దిగిపోయి, రాత్రికి ఒక లాడ్జిలో పడుకున్నాను.

ఆదివారం పొద్దున్నే దేవానందపూర్. శరత్ ఇల్లు జాగ్రత్తగా నిలబెట్టి ఉంచారు. 1876లో పుట్టిన ఆ పిల్లవాడు పేదరికం వల్ల ఆ ఊళ్ళో కుదురుగా పెరగలేదు. భాగల్పూర్‌లో మేనమామల ఇంట్లో ఉన్నాడు, బర్మా వెళ్ళి గుమాస్తాగిరీ చేశాడు. ఊరు వదిలినవాడే ఊళ్ళ గురించి అంత గొప్పగా రాశాడు. ఉన్నవాళ్ళకి రాసే తీరిక ఎక్కడిది?

అక్కణ్ణుంచి పాండువా. హౌరాకి అరవై కిలోమీటర్ల దూరం. 1917లో అచ్చయిన 'దేవదాసు' నవల చివర్లో, జబ్బు ముదిరిన దేవదాసు రైల్లో ఇంటికి పోతూ, ఈ స్టేషను పేరు చూసి దిగిపోతాడు. ఎద్దుబండి మాట్లాడుకుని రెండ్రోజులు ప్రయాణం చేసి, పార్వతి వాకిట్లో చెట్టుకింద చచ్చిపోతాడు. అక్కినేని, సావిత్రిల బొమ్మ చూసి ఆ వాకిట్లో మన తెలుగువాళ్ళు కార్చిన కన్నీళ్ళు అన్నీ ఇన్నీ కావు.

నేను అదే స్టేషన్లో నిలబడ్డాను. స్టేషను బయట ఎద్దుబండి ఒక్కటి లేదు. బ్యాటరీతో నడిచే ఆటోలు బారులు తీరి ఉన్నాయి. వాటిని అక్కడ టోటోలంటారు. ఊరి మధ్య నుంచి పాత గ్రాండ్ ట్రంక్ రోడ్డు. దూరంగా వందల ఏళ్ళ నాటి మినారు. దేవదాసు ఇవాళ దిగి ఉంటే టోటో ఎక్కి, పొద్దుగూకకుండానే పార్వతి ఇంటికి చేరిపోయేవాడు. ఆసుపత్రిలో చేర్చేవాళ్ళు. కథ అడ్డం తిరిగిపోయేది!

కుర్రాడి ఇల్లు వరిచేల మధ్య. ఇటుక గోడ, రేకు కప్పు, వాకిట్లో తులసికోట, గోడకి ఆనించిన సైకిలు. హుగ్లీ జిల్లా అంటే బంగాళాదుంపలకి పేరు. వరి కోశాక దుంప వేస్తారట. ధర బాగుంటే కోల్డ్ స్టోరేజీకి, ధర లేకపోతే చేతికొచ్చిన కాడికి. వాడి నాన్న దుంప ధర పడిపోయిన ఏడాది అప్పులపాలై, రెండెకరాల్లో ఒక ఎకరం అమ్మేశాడట. వాడు పట్నంలో లెక్కలు రాయడానికి కారణం అదీ. పట్నం మీద మోజూ కాదు, ఊరంటే విరక్తీ కాదు. దుంప ధర!

వాళ్ళమ్మ కంచంలో మరమరాలు, కొబ్బరి ముక్కలు, బెల్లం పెట్టింది. ఆవిడకి హిందీ రాదు, నాకు బెంగాలీ రాదు. మధ్యలో కొడుకు దుబాసీ.

"మీ అమ్మ ఎక్కడుంటుంది బాబా?" అని అడిగింది.

"గోదావరి అని మాకో నది ఉంది. దాని లంకలో."

"నువ్వొచ్చిన రైలు ఆ దారినే వస్తుందా?"

"వస్తుంది. కానీ అక్కడికొచ్చేసరికి అర్ధరాత్రి."

కొడుకు ఆ మాట ఆవిడకి చెప్పాడు. ఆవిడ ఏదో అంది. వాడు చెప్పడానికి కొంచెం మొహమాటపడ్డాడు. నేను బలవంతం చేస్తే చెప్పాడు.

"అర్ధరాత్రయితే మీ అమ్మ పడుకుని ఉంటుందనుకున్నావా? అని అడుగుతోంది."

నా చేతిలో మరమరాలు చేతిలోనే ఉన్నాయి.

మధ్యాహ్నం పాల్సిట్ వెళ్ళాను. పట్టాల పక్కన రెల్లు పూసింది. 1952 అక్టోబరు 27న రే తన జీవితంలో మొట్టమొదటి షాటు తీసింది ఈ ప్రాంతంలోనే, ఇలాంటి తెల్లటి రెల్లులో. ఒకరోజు తీశాడు. మరో ఆదివారం యూనిట్‌తో వచ్చి చూస్తే పూలు మాయం! పశువులు సాంతం మేసేశాయి. మళ్ళీ పూసేదాకా, అంటే మరుసటి ఏడాది దాకా ఆగాడాయన. మన నిర్మాతలైతే ప్లాస్టిక్ పూలు గుచ్చి ప్యాకప్ చెప్పేవాళ్ళు!

నాకు ఆ పూలు కొత్త కాదు. మా లంకలో రెల్లు ఇంతెత్తున పూసేది. నాన్న కోసి, ఎండబెట్టి, పశువుల పాక కప్పేవాడు. ఆ గరిక అంచుకి వేళ్ళు తెగితే అమ్మ పసుపు అద్దేది. సినిమా తెర మీద చూసినప్పుడు "ఆహా, ఏం అందం" అన్నానే గాని, ఇది మా పాక కప్పని ఒక్కసారీ తట్టలేదు. పదిహేను వందల కిలోమీటర్లు వచ్చి, పరాయి నేల మీద నిలబడితే తట్టింది.

అక్కడే ఒక రైలు దడదడమంటూ పోయింది. నాకు 'పథేర్ పాంచాలి' గుర్తుకి రావాలి, న్యాయంగా. రాలేదు. దాని తరవాత భాగం 'అపరాజితో' (1956) గుర్తొచ్చింది. అపూ పెద్దవాడై కలకత్తాలో చదువుతుంటాడు. ఊళ్ళో తల్లి ఒంటరిది. దూరాన పొలాల అవతల రైలు పోతుంటే చెట్టుకింద కూర్చుని చూస్తూ ఉంటుంది. ఈ రైల్లో దిగుతాడేమో, ఈ రైల్లో దిగుతాడేమో... ఒకసారి సెలవులకి వచ్చి తిరిగి వెళుతూ, స్టేషను దాకా పోయి, రైలు వచ్చినా ఎక్కకుండా వెనక్కొస్తాడు అపూ. "రైలు తప్పిపోయింది" అని తల్లికి అబద్ధం చెబుతాడు. ఆ తల్లి మొహం చూడాలి! ఆ ఒక్క అబద్ధంతోనే ఆవిడకి పండగ. ఆ తరవాత వాడు పరీక్షలనీ, పనులనీ రావడం వాయిదా వేస్తాడు. వచ్చేసరికి ఇల్లు ఖాళీ. వెనిస్‌లో 1957లో గోల్డెన్ లయన్ బహుమతి వచ్చింది ఆ సినిమాకి. నేను దాని మీద రెండు వ్యాసాలు రాశాను. కెమేరా పనితనం గురించి రాశాను, సంగీతం గురించి రాశాను. ఆ తల్లి గురించి రెండు వాక్యాలు రాశానేమో!

సోమవారం సాయంత్రం, హుగ్లీ నది దాటి వచ్చే లోకల్లో శియాల్దా చేరాను. స్టేషను ఆవరణ అంతా డప్పుల మోత. దుర్గాపూజకి పల్లెల నుంచి ఢాకీలు, అంటే డోలు వాయించేవాళ్ళు, ఏటా ఇలా వచ్చి కూర్చుంటారు. డోలు మీద కొంగ రెక్కల్లాంటి తెల్లటి ఈకల కుచ్చులు. పట్నం పూజా కమిటీలవాళ్ళు వచ్చి, వాయింపు విని, బేరమాడి తీసుకుపోతారు. బేరం కుదిరినవాళ్ళు సంబరంగా లేచి పోతున్నారు. కుదరనివాళ్ళు ఇంకా గట్టిగా వాయిస్తున్నారు. తండ్రి పక్కన పదేళ్ళ పిల్లాడొకడు కంచు తాళం కొడుతూ నిద్రకి తూగుతున్నాడు. పట్నమంతా దీపాలు, పందిళ్ళు, కొత్త బట్టలు. వీళ్ళ ఊళ్ళో మాత్రం పండగనాడు తండ్రులు ఇంట్లో ఉండరు. పల్లె వచ్చి డోలు వాయిస్తే గాని పట్నానికి పండగ రాదు. పల్లె పండగ మాత్రం పట్నం వదిలిపెట్టాకే!

మర్నాడు పొద్దున్నే హౌరాలో అదే ఫలక్‌నుమా. టిక్కెట్టు సికింద్రాబాద్ దాకా ఉంది. బెర్తు పై బెర్తు. ఏ.సి., దుప్పటి, తలగడ అన్నీ ఉన్నాయి. దేవుల్టీ దగ్గర బంతితోటలు మళ్ళీ కనిపించాయి. ఈసారి అందం కంటే ముందు బుట్ట మోసిన ముసలాయన కనిపించాడు.

అర్ధరాత్రి కావస్తుండగా రాజమండ్రి వచ్చింది. బ్యాగు తీసుకుని దిగిపోయాను. ప్లాట్‌ఫారం మీద నేనూ, రెండు కుక్కలూ, ఒక టీ కొట్టు. రైలు కదిలి వెళ్ళిపోతుంటే, దానిలో ఖాళీగా పోతున్న నా బెర్తుని తలుచుకుని, ఫ్రీలాన్సు జర్నలిస్టుని కదా, కొంచెం ప్రాణం ఉసూరుమన్న మాట నిజం. తెల్లవారుజామున రావులపాలెం బస్సు. వంతెన మీద కిటికీ తెరిచి, బాకీ ఉన్న రూపాయికి వడ్డీ కలిపి, ఐదు రూపాయల బిళ్ళ గోదారిలో వేశాను.

ఇంటికి చేరేసరికి ఇంకా మసక చీకటి. అమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లుతోంది. నన్ను చూసి చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఏడుపు లేదు, కౌగిలింత లేదు, వెనకాల వయొలిన్లు లేవు.

"ఏరా అబ్బాయ్, హైదరాబాదు రైలు తప్పిపోయిందా?" అంది.

"అవునమ్మా, తప్పిపోయింది" అన్నాను.

"అయితే మళ్ళీ రైలు ఎప్పుడు?"

"పండగ అయ్యాక."

అమ్మ ఇంకేం అడగలేదు. లోపలికెళ్ళి పొయ్యి వెలిగించింది.

ఈ వారం కాలం రెండ్రోజులు ఆలస్యంగా ప్రెస్సుకి చేరింది. రైలు తప్పిపోయింది కాబట్టి, ఎడిటరుగారు మన్నించాలి!